సవర గ్రామంలో ఆరు రోజుల పరిచర్య: నిరుటి పొరపాట్లు మళ్ళీ జరగకుండా ఏమి చేయాలి?

బరంపురం యువజన కార్యదర్శి అడిగిన ప్రశ్న

అందరికీ ప్రభువు నామమున వందనాలు. మేము బరంపురంలోని ఒక తెలుగు సంఘానికి చెందిన యువజనులము. నిరుడు మే నెలలో మా సంఘం నుండి పద్నాలుగు మందిమి ఒడిశాలోని గజపతి జిల్లా గుమ్మ బ్లాకులో ఒక సవర ఆదివాసుల గ్రామానికి వెళ్ళి అయిదు రోజులు పరిచర్య చేసి వచ్చాము. ఈసారి జనవరి నెలాఖరులో అదే గ్రామానికి ఆరు రోజులు వెళ్ళాలని కమిటీలో తీర్మానమైంది. ఏర్పాట్ల బాధ్యత నా మీద పెట్టారు. నిరుడు జరిగిన కొన్ని విషయాలు నన్ను ఇప్పటికీ బాధిస్తున్నాయి గనుక, అనుభవం ఉన్న పెద్దలను అడిగిన తరువాతనే అడుగు వేయాలనుకుంటున్నాను.

నిరుడు మేము మూడు పనులు పెట్టుకున్నాము: పిల్లలకు వి.బి.ఎస్. (సెలవుల బైబిలు బడి), ఒక రోజు వైద్య శిబిరం, చివరి రోజు బట్టల పంపిణీ. వి.బి.ఎస్. పాటలన్నీ తెలుగులోనే నేర్పాము. పిల్లలు చప్పట్లు కొట్టి చక్కగా పాడారు కానీ, వాళ్ళలో చాలామందికి ఆ మాటల అర్థం తెలియదని మూడవ రోజు గాని మాకు తట్టలేదు. వైద్య శిబిరానికి మా సంఘంలోని ఒక డాక్టరు గారు ఉదయం వచ్చి సాయంత్రం వెళ్ళిపోయారు. ఆ తరువాత వచ్చిన వాళ్ళకు మిగిలిన మాత్రలు మేమే ఇచ్చాము. అలా ఇవ్వకూడదని అప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ ఎవరినీ అడగలేదు.

చివరి రోజు బట్టల మూటలు విప్పాము. అందరినీ వరుసలో నిలబెట్టాలనుకున్నాము గాని పది నిమిషాలలో వరుస చెదిరిపోయింది. ఒక ముసలమ్మ తీసుకున్న ఆకుపచ్చ చీరను మరొక ఆవిడ అవతలి కొంగు పట్టి లాగగా, చీర అంచు దగ్గర చిరిగింది. ఇద్దరూ అదే చీరను చెరొక చేత్తో పట్టుకుని, మాట్లాడకుండా, మా వైపు చూస్తూ నిలబడ్డారు. వాళ్ళిద్దరూ వదిన మరదళ్ళని తరువాత తెలిసింది. ఆ చీర మా అమ్మది. మా ఇంట్లో దాన్ని మడత పెట్టి మూటలో వేసింది నేనే.

తిరిగి వచ్చాక మా వాళ్ళు ఫోటోలు పెట్టి, చీకటిలో ఉన్న ప్రజలకు వెలుగు తీసుకువెళ్ళామని రాశారు. ఆ ఊరి అబ్బాయి ఒకడు పర్లాకిమిడిలో డిగ్రీ చదువుతున్నాడు. అతడు అది చూసి, "అక్కా, మా ఇంట్లో మా అమ్మమ్మ కాలం నుండి కుటుంబ ప్రార్థన ఉంది. మేము చీకటిలో ఉన్నామని మీకు ఎవరు చెప్పారు?" అని నాకు సందేశం పంపాడు. ఫోటోలు వెంటనే తీయించాను, క్షమించమని రాశాను. అతడు ఇంతవరకు బదులివ్వలేదు.

నిరుటి ఖర్చు మొత్తం లక్షా పద్దెనిమిది వేలు. వాహనాలు, మా భోజనాలు, టీషర్టులు, బ్యానర్లు పోగా ఊరికి చేరినది ముప్పై వేలు దాటలేదు. అసలు వెళ్ళడం మంచిదా, డబ్బు పంపి ఊరుకోవడం మంచిదా? వెళ్తే ఏ పని చేయాలి, ఏది మానాలి? దయచేసి దాపరికం లేకుండా చెప్పండి.

గుణుపురం మాస్టారు

అమ్మా, వందనాలు. నీవు అడిగిన దానికి ముందు నేను ఒకటి అడుగుతాను. మిమ్మల్ని ఆ ఊరికి రమ్మన్నది ఎవరు? నీవు రాసిన దానిలో మా కమిటీ తీర్మానించింది అని ఉంది గాని, ఆ ఊరి సంఘ పెద్దలు పిలిచారని ఎక్కడా లేదు. నిరుటి పొరపాట్లన్నీ అక్కడి నుండే మొదలయ్యాయని నాకు అనిపిస్తోంది. లూకా సువార్త 10వ అధ్యాయంలో ప్రభువు డెబ్బది మందిని పంపుతూ, ఒక ఇంటిలోనే ఉండమని, ఇంటింటికి తిరగవద్దని, పెట్టినది తినమని చెప్పాడు. జోలె గాని సంచి గాని తీసుకుపోవద్దన్నాడు. అంటే పంపబడినవాడు ముందుగా అతిథి. పెట్టే చేయి ఊరివారిది, పుచ్చుకునే చేయి వచ్చినవారిది. మనము మూటలతో వెళ్ళేసరికి ఆ వరుస తలకిందులైంది.

కాబట్టి మొదటి పని, మీలో ఇద్దరు వెళ్ళి రండి. బరంపురం నుండి రైలులో నౌపడా దాకా వచ్చి, అక్కడ గుణుపురం బండి పట్టుకుంటే పర్లాకిమిడిలో దిగవచ్చు. పూర్వం పర్లాకిమిడి మహారాజు వేయించిన చిన్న రైలు 1900 నుండి నడిచిన దారే అది. అక్కడి నుండి జీపులో ఊరికి చేరి సంఘ పెద్దలతో పాటు గమాంగోను, అంటే గ్రామ పెద్దను కూడా కలవండి. ఆయన క్రైస్తవుడు కాకపోయినా కలవండి. ఆ ఊరు ఆయనది కూడా. ఈ సంవత్సరం మీకు ఏ పని అవసరమని అడిగి, వాళ్ళు చెప్పేదాకా కాగితం మీద ఏమీ రాయకండి. జవాబు ఆ పూటే రాకపోవచ్చు. రాత్రి భోజనాలయ్యాక, పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు వస్తుంది.

రెండవది భాష. సవర భాష మన తెలుగుకు గాని ఒడియాకు గాని చుట్టం కాదు, ముండా భాషల కుటుంబానికి చెందినది. మన పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు గారు ఆ భాషను ఎలా నేర్చుకున్నారో మీ యువజనులకు తప్పక చెప్పు. సవర, తెలుగు రెండూ తెలిసిన మనిషిని ఇంట్లో ఉంచుకుని, కొండ గ్రామాలకు తిరిగి, చలిజ్వరాలకు ఓర్చి, ఏళ్ళ తరబడి నేర్చుకున్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వెలువడ్డాయి. సవర పిల్లలకు వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలని సొంత ఖర్చుతో బడులు నడిపారు. ఆయన మతబోధ కోసం వెళ్ళినవారు కారు, అయినా ఒక జాతి మాటను గౌరవించడం ఎలాగో ఆ జీవితం నుండి మనము నేర్చుకోవలసినది చాలా ఉంది. ఆరు రోజులలో మీకు భాష రాదు. అయితే బయలుదేరే ముందు రెండు నెలలు వారానికి ఒక గంట ఆ కాలేజీ అబ్బాయి దగ్గరో, మరొకరి దగ్గరో కూర్చుంటే, నీళ్ళు, అన్నం, పేరేమిటి, ఎక్కడ నొప్పి, క్షమించండి అనే మాటలు రాకుండా పోవు. నేర్పినందుకు అతనికి రుసుము ఇవ్వండి.

మే నెలలో వెళ్ళామన్నావు. ఆ నెలలో కొండవాళ్ళు తెల్లవారకముందే జీడిమామిడి తోటలకు పోతారు. పగలు ఊళ్ళో మిగిలేది ముసలివాళ్ళు, పిల్లలు. జనవరి నెలాఖరు కొంత మేలు, వరికోతలు అయిపోయి ఉంటాయి. అయినా పగటి కూడికలు పెట్టకండి. సాయంత్రం వాళ్ళు దిగివచ్చి, స్నానాలు చేసి, పొయ్యి వెలిగించాక వీలు చూసుకోండి.

మరొక మాట మీ మగపిల్లలకు గట్టిగా చెప్పాలి. ఊరి వెలుపల, చెట్ల కింద, నిలువుగా పాతిన రాళ్ళు కనిపిస్తాయి. అవి చనిపోయినవారి పేరున సవరలు పాతుకున్న రాళ్ళు, ఒక్కొక్క రాయి ఒక తాతదో అవ్వదో. ఒకసారి మా పట్టణం నుండి వెళ్ళిన కుర్రవాళ్ళు వాటి మీద కూర్చుని ఫోటోలు తీసుకున్నారు. వాళ్ళకు తెలియక చేసిన పనే, కానీ పక్కనే మేకలు కాస్తున్న ఒక పెద్దాయన ఏమీ అనకుండా కర్ర చంకన పెట్టుకుని వెళ్ళిపోవడం నేను చూశాను. అలాగే పాత సంప్రదాయం పాటించే ఇళ్ళలో గోడ మీద ఇడితాల్ అనే బొమ్మలు తెల్లని పిండితో గీసి ఉంటాయి. అది అలంకారం కాదు, వాళ్ళకు పూజాస్థలం. అడగకుండా ఫోటో తీయకూడదు, చేయి వేయకూడదు, దాన్ని గురించి అక్కడ నిలబడి వ్యాఖ్యానించకూడదు.

ఇక చట్టం సంగతి. మన రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛను ఇచ్చింది. అదే సమయంలో ఒడిశాలో 1967 నుండి మత స్వేచ్ఛా చట్టం అమలులో ఉంది. బలవంతంతో గాని, ప్రలోభంతో గాని, మోసంతో గాని మతం మార్పించడం నేరమని అది చెబుతుంది. బలవంతం అన్న మాటలో దైవాగ్రహం కలుగుతుందని బెదిరించడం కూడా చేరుతుంది. ప్రలోభం అన్న మాటలో డబ్బు రూపంలోనో వస్తు రూపంలోనో ఇచ్చే ఏ కానుక అయినా చేరుతుంది. శిక్ష ఏడాది దాకా జైలు లేదా అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ మనిషి మైనరో, స్త్రీయో, దళితులో, ఆదివాసులో అయితే శిక్ష రెండేళ్ళ దాకా, జరిమానా పది వేల దాకా పెరుగుతుంది. 1977లో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని సమర్థించింది. 1989 నియమాల ప్రకారం మతం మారదలచినవారు ముందుగా మేజిస్ట్రేటు ఎదుట ప్రకటన ఇవ్వాలి, ఆ సంస్కారం జరిపించే గురువు పదిహేను రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. అందుచేత ఆరు రోజులకు వెళ్ళినవారు బాప్తిస్మం మాట ఎత్తకూడదు. అది ఆ ఊరి సంఘము, ఆ ఊరి కాపరి, నెలల తరబడి చూసుకోవలసిన సంగతి.

దీన్ని భయపెట్టడానికి రాయడం లేదు. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఒక చేత్తో దుప్పటి, మరొక చేత్తో కరపత్రం పట్టుకుని వెళ్తే, ఎదుటి మనిషి ఏది తీసుకుంటున్నాడో మనకు తెలియదు, అతనికీ తెలియదు. 2008లో పొరుగున ఉన్న కంధమాల్‌లో క్రైస్తవుల మీద జరిగిన దాడులలో ఎంత రక్తపాతం జరిగిందో, ఎన్ని కుటుంబాలు అడవులలో తలదాచుకున్నాయో ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు. మీరు ఆరవ రోజున జీపు ఎక్కి వెళ్ళిపోతారు. మీ వలన ఊళ్ళో అనుమానం పుడితే దాన్ని మోసేది అక్కడి క్రైస్తవులే.

ప్రాణహిత నర్సు

చెల్లీ, నేను మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచా ప్రాంతంలో నర్సుగా పనిచేస్తున్నాను. మాది ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు, ఇక్కడ మా ఇళ్ళలోనూ తెలుగే. మాస్టారు గారు చెప్పినదంతా నాకు సమ్మతమే. నేను మందుల సంగతి ఒక్కటే చెబుతాను, ఎందుకంటే నిరుడు మీరు చేసిన వాటిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది చీర కాదు, మాత్రలు.

గజపతి, రాయగడ కొండలలోనూ మా గడ్చిరోలి అడవులలోనూ ఫాల్సిపరం మలేరియా పాత శత్రువు. జ్వరమని వచ్చిన పిల్లవాడికి పారాసిటమాల్ ఇస్తే రెండు గంటలు ఒళ్ళు చల్లబడుతుంది, తల్లి నిశ్చింతగా ఇంటికి తీసుకుపోతుంది, ఆ రాత్రి మెదడుకు ఎక్కవచ్చు. జ్వరానికి మొదట చేయవలసినది రక్తపరీక్ష. ఆ ఊళ్ళోనే ఆశా కార్యకర్త ఉంటుంది. ఆమె దగ్గర వేలి నుండి ఒక చుక్క రక్తంతో పావుగంట, ఇరవై నిమిషాలలో ఫలితం చెప్పే కిట్టు ఉంటుంది, దానికి తగిన మందుల కోర్సు కూడా ఆమెకు అందుతుంది. మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్ అనే మందు, జి6పిడి లోపం (పుట్టుకతో రక్తంలో ఒక ఎంజైము తక్కువగా ఉండడం) ఉన్నవారికి ఇస్తే ఎర్రరక్తకణాలు పగిలిపోతాయి. ఆ లోపం ఆదివాసులలో తక్కువేమీ కాదు. కాబట్టి మిగిలిన మాత్రలే కదా అని పంచడం ఎంత తప్పో మీ వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పు.

రక్తపోటు సంగతి కూడా అంతే. ఒక రోజు శిబిరంలో బి.పి. చూసి పదిహేను రోజుల మాత్రలిచ్చి వచ్చేస్తే, పదహారవ రోజున ఆ మనిషి ఏమి చేస్తాడు? మాత్ర అయిపోయింది కదా, జబ్బు నయమైపోయిందనుకుంటాడు. రెండు వారాలు దాటిన దగ్గుకు సిరప్పు ఇచ్చి పంపితే క్షయ పరీక్ష ఇంకొక నెల వెనకబడుతుంది, అంతలో ఇంట్లో మరొకరికి అంటుకుంటుంది. ప్రార్థన చేశాము గనుక మందు అవసరం లేదని మాత్రం ఎవరి నోటి నుండీ రానివ్వకూడదు. ప్రార్థన చేయండి, చేసి ఆసుపత్రికి మీరే వెంట తీసుకువెళ్ళండి.

మా జిల్లాలో అభయ్ బంగ్, రాణి బంగ్ డాక్టర్ల దంపతులు 1980లలో సెర్చ్ అనే సంస్థను మొదలుపెట్టారు. ఊరి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి, పుట్టిన బిడ్డను ఇంట్లోనే ఎలా కాపాడాలో నేర్పారు. ఆ గ్రామాలలో నవజాత శిశువుల మరణాలు 62 శాతం తగ్గినట్టు 1999లో వెలువడిన వారి అధ్యయనం చూపింది. వాళ్ళలో చాలామందికి పెద్ద చదువులు లేవు, కానీ రాత్రి రెండు గంటలకు తలుపు తడితే లేచి వచ్చే దూరంలో ఉన్నారు. మీ ఒడిశాలోనే బిస్సంకటక్‌లో డెన్మార్క్ నుండి వచ్చిన ఎలిజబెత్ మాడ్సన్ అనే వైద్యురాలు 1954లో క్రైస్తవ ఆసుపత్రిని ప్రారంభించారు. ఆమె వచ్చి ఉండిపోయారు, అందుకే అది నిలిచింది. మీ గజపతి జిల్లా సెరంగోలోనూ అలాగే మిషను ఆసుపత్రి వెలిసింది.

నా సలహా ఏమిటంటే, ఈసారి శిబిరం పెట్టవద్దు. ఆరు రోజులలో ఒక రోజు ఆ ఊరి ఆశా అక్కతో పాటు ఇల్లిల్లూ తిరగండి, సంచి మీరు మోయండి, మాట ఆమెను మాట్లాడనివ్వండి. పట్నం నుండి వచ్చినవాళ్ళు ఆమె వెనుక నడుస్తున్నారని ఊరు చూస్తే, మీరు వెళ్ళిపోయాక ఆమె మాటకు విలువ పెరుగుతుంది. ఆసుపత్రికి వెళ్ళవలసి ఉండి జీపు ఖర్చుకు వెనకాడుతున్న వాళ్ళు ఎవరైనా ఉంటే ఆమెకు తెలుస్తుంది. కంటి శుక్లం ఉన్న ముసలమ్మో, నెలలు నిండుతున్న ఇల్లాలో ఉంటారు. మీరు టీషర్టులకు పెట్టిన డబ్బు అక్కడ ఉపయోగపడుతుంది. మీరు కూడా దోమతెరలు తీసుకువెళ్ళండి, కాచిన నీళ్ళే తాగండి. అతిథులు జ్వరంతో పడుకుంటే సేవ చేయవలసినవాళ్ళు మళ్ళీ ఊరివాళ్ళే.

రాయగడ లెక్కల మనిషి

సోదరీ, నేను సంఘ కోశాధికారిగా పదకొండు సంవత్సరాలు పనిచేశాను. నాకు తోచినది నిర్మొహమాటంగా చెబుతాను. లక్షా పద్దెనిమిది వేలలో ముప్పై వేలే ఊరికి చేరినప్పుడు, వెళ్ళడం మానేసి మొత్తం డబ్బు ఆ సంఘానికి పంపడమే న్యాయం. అక్కడ సువార్తికుడికి ఏడాది జీతంలో కొంత భాగం వస్తుంది, లేదా ఇద్దరు ఆడపిల్లల హాస్టలు ఖర్చు వస్తుంది. మన పిల్లలకు అనుభవం కావాలంటే ఆ ఖర్చు వాళ్ళ ఇళ్ళ నుండి పెట్టుకోవాలి గాని, పరిచర్య కానుకల నుండి తీయకూడదు. కానుక వేసిన విధవరాలికి మనము లెక్క చెప్పుకోవాలి.

కొండదారి సేవకుడు

అందరికీ వందనాలు. నేను నువాగడ బ్లాకు కొండలలో పంతొమ్మిది సంవత్సరాలుగా ఉంటున్నాను. పుట్టింది పాతపట్నంలో, ఇప్పుడు నా పిల్లలు ఇంట్లో సవరే మాట్లాడతారు. మీలాంటి బృందాలను ఇప్పటికి చాలా చూశాను గనుక, అవతలి గట్టు నుండి కనిపించేది రాస్తాను.

లెక్కల అన్నగారి మాటలో న్యాయం ఉంది. ప్రయాణం ఖర్చు ఎవరిది వారే పెట్టుకోవాలన్నది నేనూ గట్టిగా చెబుతాను. కానీ డబ్బు పంపి ఊరుకుంటే చాలన్న మాటకు మాత్రం ఒప్పుకోలేను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా కొండచరియలు విరిగిపడ్డాయి, దారులు తెగిపోయాయి. అప్పుడు బియ్యం, టార్పాలిన్లు చాలా చోట్ల నుండి వచ్చాయి, వాటి మేలు మేము మరువము. అయినా మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకునేది ఆరుగురు కుర్రవాళ్ళ గురించి. వాళ్ళు ఏ బ్యానరూ లేకుండా నడిచి వచ్చి, ఏమి చేయమంటారని అడిగారు. ఊటనీటి దారిలో రాళ్ళు పడ్డాయి, తీయాలి అన్నాము. నాలుగు రోజులు మాతో పాటు గునపాలు పట్టి రాళ్ళు దొర్లించారు, రాత్రి చోడి అంబలి తాగి బడి వరండాలో పడుకున్నారు. బోధ చేయమంటే, మేము వినడానికి వచ్చామన్నారు. వాళ్ళలో ఒక అబ్బాయి అప్పటి నుండి ఏటా వస్తున్నాడు. రెండేళ్ళ క్రితం పెళ్ళి చేసుకుని భార్యను తీసుకువచ్చి చూపించాడు. మా ముసలివాళ్ళు ఆ అమ్మాయిని కోడలని పిలుస్తారు.

మా దగ్గరకు బృందం వచ్చిన ప్రతిసారీ మా ఇళ్ళలో జరిగేది మీకు తెలియదు. మీకు కోడి కోయాలని ఒక ఇల్లు, మంచి చాప ఇవ్వాలని మరొక ఇల్లు పోటీ పడతాయి. ఆ వారం కూలికి పోకుండా ఆగిపోయేవారూ ఉంటారు. కాబట్టి పద్నాలుగు మంది వద్దు, ఆరేడుగురు చాలు. మీ బియ్యం, పప్పు, నూనె మీరు తెచ్చి సంఘం స్త్రీల చేతికి ఇవ్వండి, వంట వాళ్ళతో కలిసి చేయండి, వాళ్ళు పెట్టింది వద్దనకండి. జీలుగు కల్లు ఇచ్చే ఇళ్ళు కూడా ఉంటాయి. తాగమని చెప్పడం లేదు. చేతులు జోడించి, మాకు అలవాటు లేదని చెబితే చాలు, అక్కడ మద్యం మీద ప్రసంగం చేయకండి.

జనవరిలో కొండపోడులో కందులు వచ్చి ఉంటాయి. ఆడవాళ్ళు కళ్ళం అలికి, ఎండిన కందికట్టెను కర్రలతో కొట్టి కందులు రాలుస్తారు. ఒకసారి కాకినాడ వైపు నుండి వచ్చిన ఒక అమ్మాయి సువార్త పటాలు పక్కన పెట్టి వాళ్ళ మధ్య కూర్చుని కర్ర పట్టింది. మొదటి రోజు అరచేతులు బొబ్బలెక్కాయి. రెండవ రోజు ఒక ముసలమ్మ ఆ అమ్మాయి చేతికి గుడ్డ చుట్టి, కర్ర ఎక్కడ పట్టుకోవాలో చూపించింది. మూడవ రోజు ఆ ముసలమ్మ తన కొడుకు ఎలా చనిపోయాడో చెప్పింది. నేను అంతకు ముందు ఎనిమిది సంవత్సరాలు ఆమె ఇంటి ముందు నుండి నడుస్తూనే ఉన్నాను, నాకు చెప్పలేదు.

బట్టల విషయం. పాత బట్టలు తేకండి. మా కొండల మీద జనవరి చలి గట్టిగానే ఉంటుంది, ముసలివాళ్ళకు దుప్పట్లు అవసరమే. తేవాలనుకుంటే కొత్తవి తెచ్చి, మీరు పంచకుండా, ఊరి మహిళా సంఘం చేతికి ముందు రోజే అప్పగించండి. ఎవరికి ఇవ్వాలో వాళ్ళకు తెలుసు. క్రైస్తవుల ఇల్లా కాదా అని చూడకుండా ఇస్తారు. ఆ చోట పాట వద్దు, ప్రార్థన వద్దు, ఫోటో వద్దు.

ఆ కాలేజీ అబ్బాయికి మరొక సందేశం పంపవద్దు, తల్లీ. మాస్టారు గారు చెప్పినట్టు ముందుగా ఇద్దరు వెళ్ళేటప్పుడు ఆ ఇద్దరిలో నీవు ఉండు. పర్లాకిమిడిలో దిగి అతన్ని కలిసి, ఎదురుగా నిలబడి చెప్పు.

బరంపురం యువజన కార్యదర్శి

మాస్టారు గారికి, నర్సు అక్కకు, కోశాధికారి అన్నయ్యకు, సేవకులు అయ్యగారికి కృతజ్ఞతలు. మీ జవాబులు కమిటీలో చదివి వినిపించాను. ఇద్దరు ముగ్గురు నొచ్చుకున్నారు, కానీ కాదనలేకపోయారు. టీషర్టులు, బ్యానరు, వైద్య శిబిరం రద్దు చేశాము. ప్రయాణం ఖర్చు ఎవరిది వారిదే.

పోయిన శనివారం నేను, మా అన్నయ్య వెళ్ళి వచ్చాము. ఆ అబ్బాయిని వాళ్ళ హాస్టలు బయట టీ దుకాణం దగ్గర కలిశాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఊరికి నేనూ వస్తాను, పదండి" అని మాతో జీపు ఎక్కాడు. ఊళ్ళో పెద్దలను అడిగితే మొదట మీ ఇష్టం అన్నారు. రాత్రి పొయ్యి దగ్గర మాస్టారు గారు చెప్పినట్టే జరిగింది. బడి పక్కన నీళ్ళ తొట్టికి పైపు పగిలి రెండేళ్ళయిందని, ఆడపిల్లలు మధ్యాహ్నం బడి మధ్యలో ఇంటికి పోతున్నారని ఒక తల్లి చెప్పింది. గమాంగో గారు సామగ్రి మేము తెస్తే మనుషులను ఊరు ఇస్తుందన్నారు. కనుక ఈసారి పని అదే. చిరిగిన చీర ఆ ఇంట్లో తలుపుకు అడ్డంగా కట్టి ఉంది. ఆవిడ నన్ను గుర్తుపట్టి చాప వేసింది.

ఒక్క సందేహం మిగిలింది. ఆదివారం ఆరాధనలో ప్రసంగం మాదేనని సంఘ పెద్దలు అంటున్నారు. వద్దంటే తప్పుగా అనుకుంటారేమో. పిల్లల పాటల సంగతి కూడా చెప్పండి.

కొండదారి సేవకుడు

అమ్మా, అది మర్యాద కోసం అంటారు. రెండుసార్లు అడుగుతారు. రెండుసార్లూ, అయ్యా, మేము మీ ప్రసంగం వినాలని వచ్చాము అని చెప్పు. మూడవసారి అడిగితే అయిదు నిమిషాలు సాక్ష్యం చెప్పి కూర్చో, నిరుడు జరిగిన దానికి సంఘం ఎదుట క్షమాపణ చెప్పదలచుకుంటే అదే సమయం. ఆ అబ్బాయి తర్జుమా చేస్తాడు.

పైపు కొనే ముందు పాత పైపు ముక్క ఒకటి కోసి పర్లాకిమిడి దుకాణానికి పట్టుకుపో, కొలత తప్పితే మళ్ళీ దిగవలసి వస్తుంది. ఊళ్ళో ఒక కుర్రవాడికి అతుకు వేయడం నేర్పి, మిగిలిన జిగురు డబ్బా, రంపం అతని దగ్గరే ఉంచి రండి.

పాటలు మీరు నేర్పవద్దు, పిల్లలను నేర్పమనండి. సవర క్రైస్తవుల పాటల పుస్తకం రోమన్ లిపిలో ఉంటుంది గనుక అక్షరాలు మీకు తెలిసినవే, అర్థం తెలియకపోయినా చదివి పాడగలరు. తప్పు పలికితే పిల్లలు నవ్వుతారు, నవ్వి సరిదిద్దుతారు. ఆదివారం ఆడవాళ్ళు ఎడమ వైపు చాపల మీద కూర్చుంటారు. ముందు వరుసలో మీకు కుర్చీలు వేస్తారు, వాటిని ముసలివాళ్ళకు ఇచ్చి చాప మీదకు వెళ్ళండి. పుస్తకం పక్కనున్న వాళ్ళు తెరిచి ఇస్తారు.